సైకిల్ మీద కొండ దిగే గైడెడ్ టూర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పైదాకా వ్యాన్‌లో తీసుకెళ్తారు, అక్కడ సైకిల్ చేతికిస్తారు, ఊళ్ల మీదుగా, పొలాల మీదుగా కిందికి దిగొస్తాం. టూర్ అంటే అంతే. అయినా బుక్ చేసే ముందు అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. గుంపుల్ని వెంటబెట్టుకుని కొండ దించే పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసిన జవాబులు ఇవి. మొత్తం చదివే ఓపిక లేకపోతే బ్రేకుల గురించి రాసిన ముక్క మాత్రం వదలకండి.

అంతా దిగుడే కదా, తొక్కాల్సిన పనేమైనా ఉంటుందా?

కొంచెం ఉంటుంది. కొండదారి జారుడుబల్ల కాదు. వాగు దాకా దిగి, దాటాక మళ్లీ కాస్త ఎక్కుతుంది. మధ్యలో చదును నేల వస్తుంది, ఎదురుగాలి వస్తుంది. ఓ మోస్తరుగా నడవగలిగినవాళ్లకు ఇదేమీ పెద్ద పని కాదు.

అలసట వచ్చేది కాళ్లకు కాదు. వేళ్లకు, ముంజేతులకు, భుజాలకు, మెడకు. గంటల తరబడి బ్రేకు మీద వేళ్లు పెట్టుకుని, గతుకులన్నీ చేతుల్తోనే భరిస్తూ దిగుతారు కదా. మర్నాడు పొద్దున టూత్‌పేస్టు మూత తిప్పబోతే అప్పుడు తెలుస్తుంది.

సైకిల్ తొక్కి పదిహేనేళ్లయింది. రావచ్చా?

రావచ్చు, కానీ ముందు ఇంటి దగ్గర ఓ అరగంట తొక్కి చూసుకోండి. ఒక చేయి వదిలి ముందుకు వెళ్లగలుగుతున్నారా? నేల మీద గీత గీసుకుని, సరిగ్గా దాని దగ్గర రెండు బ్రేకులతో ఆగగలుగుతున్నారా? వెనక్కి తిరిగి చూసినప్పుడు సైకిల్ పక్కకు లాగేస్తోందా? ఈ మూడూ తడబడకుండా వస్తే చాలు. అసలు రానివాళ్లు మాత్రం నేర్చుకోవడానికి కొండెక్కకండి. "కాస్త వచ్చు" అని మొహమాటంగా చెప్పి పైకి వచ్చినవాళ్లు మొదటి మలుపులోనే దొరికిపోతారు. అక్కణ్నుంచి వ్యాన్‌లో కూర్చుని దిగడం వాళ్లకూ చిన్నతనం, మాకూ ఇబ్బంది.

రోజూ బైకు నడుపుతాను. సైకిల్ ఎంత?

మేం కాస్త ఎక్కువ కనిపెట్టి చూసుకునేది మీలాంటివాళ్లనే. బైకు మీద వాలు దిగుతుంటే ఇంజిన్ కూడా వేగాన్ని పట్టి ఆపుతుంది. సైకిల్‌కు ఆ ఆధారం లేదు, కాళ్లు ఆపినా చక్రం తన దారిన తాను తిరుగుతూనే ఉంటుంది. రెండోది, గేర్ల బైకు మీద ఎడమచేతి లివర్ క్లచ్. సైకిల్ మీద అది బ్రేకు. కంగారులో చేయి పాత అలవాటు ప్రకారమే పోతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ముందు బ్రేకు ఏ చేతికి ఉంటుందన్నది అన్ని దేశాల్లో ఒకేలా లేదు. భారత్, బ్రిటన్, జపాన్‌లలో మామూలుగా కుడిచేతికి ఉంటుంది. అమెరికాలోనూ, యూరప్‌లో చాలా చోట్లా ఎడమచేతికి ఉంటుంది. అందుకే సైకిల్ చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని ఇది: నిలబడే ఒక్కో లివర్ నొక్కి, సైకిల్‌ను ముందుకు తోసి, ఏ చక్రం ఆగుతోందో చూడండి. పది సెకన్ల పని.

బ్రేకులు ఎలా వేయాలి?

ఈ టూర్ మొత్తంలో నేర్చుకోవాల్సింది ఇదొక్కటే అనొచ్చు.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. మీరూ సైకిలూ కలిపి 90 కిలోలు అనుకుందాం. 1000 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వచ్చేసరికి ఆ బరువు వదిలే శక్తితో సుమారు రెండున్నర లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. గాలిని చీల్చుకుని వెళ్లడంలో కొంత ఖర్చవుతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. అరచేయంత డిస్కుకూ రెండు చిన్న ప్యాడ్లకూ ఆ వేడంతా భరించడం మామూలు విషయం కాదు.

కొత్తవాళ్లు భయంతో చేసే పొరపాటు ఏమిటంటే పైనుంచి కింది దాకా బ్రేకు కొంచెం నొక్కి పట్టుకునే ఉంటారు. జాగ్రత్తగా వెళ్తున్నామనుకుంటారు. బ్రేకుకు చల్లారే సందు ఉండదు. డిస్క్ బ్రేకయితే ప్యాడ్ల పట్టు తగ్గిపోతుంది, ఆయిల్ మరిగితే లివర్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రిమ్ము మీద పట్టే పాతకాలపు బ్రేకయితే రిమ్ము కాలి, ట్యూబులో గాలి వేడెక్కి, టైరు ఢామ్మని పేలొచ్చు. నా వెనకే వస్తున్న ఒకాయన టైరు అలా పేలినప్పుడు ఎవరో తుపాకీ కాల్చారనుకున్నాను. అదృష్టం, తిన్నటి రోడ్డు మీద పేలింది. ఆయన ఆపి, దిగి, "నేను అసలు స్పీడే వెళ్లలేదండీ" అన్నాడు. నిజమే, వెళ్లలేదు. అరగంట పాటు వేళ్లు తీయలేదంతే.

కాబట్టి గట్టిగా పట్టండి, వేగం తగ్గించండి, పూర్తిగా వదిలేయండి. కాసేపు సాగనిచ్చి మళ్లీ పట్టండి. రెండు బ్రేకులూ కలిపి వాడండి. ఆగుతున్నప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఎక్కువ పట్టు ముందు బ్రేకుదే. దానికి భయపడి వెనకదొక్కటే వాడితే ఆగడానికి చాలా దూరం పడుతుంది, వెనక చక్రం జారుతుంది కూడా. అలాగని ముందుది ఒక్కసారిగా పిండేస్తే హ్యాండిల్ మీంచి పల్టీ కొడతారు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా ఒత్తిడి పెంచండి, అదే సమయంలో ఒళ్లు కాస్త వెనక్కి జరపండి. లివర్ మీద ఒకటో రెండో వేళ్లు చాలు. మిగతా వేళ్లు హ్యాండిల్‌ను వదలకూడదు.

ఈ వేడి గొడవ ఈనాటిది కాదు. 1970లలో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లతో ఒక మట్టిదారిన కొండ దిగే పందేలు పెట్టుకునేవాళ్లు. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కిందికి వచ్చేసరికి దాని లోపలి గ్రీజు మాడి పొగలు కక్కేది. దిగిన ప్రతిసారీ మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. మొదటి రీప్యాక్ రేసు 1976లో జరిగింది. ఇప్పటి మౌంటెన్ బైకులకు, అంటే కొండదారుల కోసం చేసిన సైకిళ్లకు, అక్కడి నుంచే దారి పడింది.

బ్రేకు దారిలో ఫెయిలైతే?

చెప్పాపెట్టకుండా ఫెయిలవడం అరుదు. ముందు కీచుమంటుంది, కాలిన వాసన వస్తుంది, లివర్ హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది. వీటిలో ఏది కనిపించినా ఆపి గైడ్‌ను పిలవండి. "కింద చెబుదాంలే" అనుకోవద్దు. ఒకటి పోయినా రెండోది ఉంటుంది, దాంతో ఆగేంత వేగంలోనే వెళ్లాలన్నది మా లెక్క.

మలుపుల్లో భయం. ఎలా తిరగాలి?

బ్రేకు పని మలుపు రాకముందే అయిపోవాలి. మలుపులో ఉండగా గట్టిగా నొక్కితే టైరు జారుతుంది. మలుపుకు బయటి వైపున్న పెడల్ కిందికి ఉంచి, బరువు దాని మీద వేయండి. లోపలి పెడల్ కింద ఉంటే నేలకు తగులుతుంది.

ఇంకా ముఖ్యం చూపు. కళ్లు ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది. అంచున ఉన్న రాయిని చూసి "అమ్మో రాయి, అమ్మో రాయి" అనుకుంటే తిన్నగా దాని మీదికే వెళ్తారు. ఇది మాటవరసకు చెప్పేది కాదు, గుంపుకొకరు చేసి చూపిస్తారు. మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడికి చూడండి.

తిన్నటి వాలులో రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో ఉంచి, సీటు మీంచి కాస్త లేచి, మోకాళ్లు, మోచేతులు వదులుగా ఉంచండి. గతుకులన్నీ నడుముకు ఎక్కకుండా ఉంటాయి. దిగే ముందు సీటు కిందికి దించుకుంటే ఇంకా నయం.

ఎంత స్పీడు వెళ్లొచ్చు?

మీరు ఆగగలిగినంత. మీటర్లలో కావాలంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఒక సెకనుకు ఐదున్నర మీటర్లు పోతారు, 40లో 11 మీటర్లు. ఆవు కనబడి, చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. ఆపైన వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. కంకర మీద అంతకంటే ఎక్కువ.

ముందు వెళ్లే గైడ్‌ను దాటొద్దన్నది దాదాపు ప్రతి టూర్‌లోనూ ఉండే నియమం. దాటినవాళ్ల సైకిల్ తీసుకుని వ్యాన్ ఎక్కించిన సందర్భాలున్నాయి. ఆ క్షణంలో నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

వేగంలో హ్యాండిల్ వణకడం మొదలైతే గట్టిగా బిగపట్టకండి. రెండు మోకాళ్లతో సైకిల్ పై కడ్డీని నొక్కి పట్టి, మెల్లగా వేగం తగ్గిస్తే వణుకు సర్దుకుంటుంది.

హెల్మెట్ మీరే ఇస్తారా?

చాలామంది నిర్వాహకులు ఇస్తారు. ఇచ్చినంత మాత్రాన సరిపోదు, సరిగ్గా పెట్టుకోవాలి. కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన దాని అంచు ఉండాలి. ఫొటోలో జుట్టు కనిపించాలని వెనక్కి నెట్టుకుంటే నుదురు ఖాళీగా ఉంటుంది, ముందుకు పడేవాళ్లకు తగిలేది అక్కడే. పట్టీ బిగించాక గడ్డం కింద ఒకటో రెండో వేళ్లు మాత్రం పట్టాలి. నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ నెత్తిని లాగినట్టు అనిపించాలి. పగుళ్లున్నా, ఒకసారి గట్టి దెబ్బ తిన్నదైనా మార్చమని అడగండి. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకే పనికొచ్చేలా తయారవుతుంది.

ఏం బట్టలు వేసుకోవాలి? పైన చలిగా ఉంటుందా?

ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. దానికి మీ వేగంతో వచ్చే గాలి తోడవుతుంది. కింద చెమటలు కక్కుతూ వ్యాన్ ఎక్కినవాళ్లే పైన దిగగానే చంకల్లో చేతులు పెట్టుకుంటారు. ఒక మందపాటి స్వెటర్ కన్నా రెండు మూడు పలచటి పొరలు మేలు, దిగుతున్నకొద్దీ ఒక్కోటి తీసి వ్యాన్‌లో పడేయొచ్చు. అన్నిటికంటే పైన గాలి చొరబడని జాకెట్.

చేతి గ్లవ్స్ సోకు కోసం అనుకోకండి. నేను మొదట్లో ఒకసారి గ్లవ్స్ లేకుండా దిగాను. పావుగంటకు వేళ్లు కొంకర్లు పోయాయి. బ్రేకు నొక్కుతున్నానో లేదో చూసుకుంటే తప్ప తెలియలేదు. పడితే ముందు నేలకు ఆనేవి కూడా అరచేతులే.

మడమ కప్పే బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. చున్నీలు, పొడుగు స్కార్ఫులు, వదులు ప్యాంటు అంచులు చక్రంలోనో చైన్‌లోనో చిక్కుకుంటాయి. కళ్లద్దాలు ఏవైనా సరే, ఉండాలి. గాలికి కళ్ల నీళ్లు కారుతుంటే దారి కనిపించదు, పురుగు పడిందంటే ఇక చెప్పక్కర్లేదు.

ఎత్తుకు తల తిరుగుతుందా?

2500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం, ఆయాసం రావచ్చు. నడిచి ఎక్కితే ఒంటికి అలవాటుపడే సమయం దొరుకుతుంది. వ్యాన్ గంటల్లో ఎక్కించేస్తుంది. నీళ్లు తాగుతూ ఉండండి, ముందు రాత్రి మందు మానేయండి, పైన దిగి సైకిల్ ఎక్కే ముందు పది నిమిషాలు నెమ్మదిగా అటూ ఇటూ నడవండి. తూలుతున్నా, మాట తడబడుతున్నా సైకిల్ ఎక్కొద్దు. ఎత్తు జబ్బుకు అసలు మందు కిందికి దిగడమే, ఆ దిగడం వ్యాన్‌లో జరగాలి.

దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేస్తాయి. గుటక వేస్తే, ఆవలిస్తే సర్దుకుంటాయి. గట్టి జలుబుంటే మాత్రం చెవి బాగా నొప్పెడుతుంది, టూర్ ఇంకో రోజుకు మార్చుకోండి.

సముద్రం దగ్గరి కొండలైతే ఇంకొక మాట. ముందు రోజు సిలిండర్ కట్టుకుని స్కూబా డైవింగ్ చేసినవాళ్లు వెంటనే ఎత్తుకు వెళ్లకూడదు. డైవింగ్ చేశాక విమానం ఎక్కే ముందు ఎందుకు ఆగమంటారో దీనికీ అందుకే, పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒక రోజు ఎడం ఇవ్వండి.

పిల్లలను తీసుకురావచ్చా?

వయసు ఒక్కటే చూసి చెప్పలేం. వాడి వేళ్లు లివర్‌ను అందుకుంటున్నాయా, గంట తర్వాత కూడా నొక్కే బలం ఉంటుందా, ఆగమంటే ఆగే రకమేనా అన్నది చూడాలి. పెద్దవాళ్ల సైకిల్ సీటు దించి ఎక్కించడం కుదరదు, కొలతకు తగ్గదే కావాలి. వెనక పిల్లల సీటు బిగించుకుని పొడవాటి వాలు దిగడం నేను ఒప్పుకోను. బ్రేకుకు బరువు పెరుగుతుంది, పడితే బిడ్డ కూడా పడుతుంది.

గర్భిణులు? నడుము నొప్పి ఉన్నవాళ్లు?

గర్భిణులు వద్దు. నడుము, మెడ నొప్పులు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి రండి. మత్తునిచ్చే జలుబు మాత్రలు వేసుకుని రాకండి.

బరువుకు పరిమితి ఉందా?

ప్రతి సైకిల్‌కూ తయారీదారు పెట్టిన పరిమితి ఉంటుంది, బుక్ చేసేటప్పుడే మీ బరువు, ఎత్తు నిజం చెప్పండి. ఎవరూ పైకి చదవరు.

వాన పడితే?

చినుకులకు ఆగం. పిడుగులు, పొగమంచు, పొర్లే వాగులు ఉంటే ఆపేస్తాం. తడిలో రిమ్ము బ్రేకు పట్టుకోవడానికి ఆలస్యం అవుతుంది, ముందు నీటిని తుడిచి అప్పుడు పట్టుకుంటుంది. కాబట్టి ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రండి. రోడ్డు మీది తెల్ల గీతలు, ఇనుప మూతలు, రాలిన ఆకులు, పేడ తడిస్తే సబ్బులా జారతాయి. చాలాసేపటి ఎండ తర్వాత పడే మొదటి జల్లు ఇంకా ప్రమాదం, రోడ్డు మీది దుమ్ము, నూనె అప్పుడే పైకి తేలతాయి.

దారిలో పశువులు, కుక్కలు వస్తే?

వస్తాయి. మనం వెళ్తున్నది వాటి ఊళ్లోకి. పశువుల మందను చీల్చుకుని వెళ్లకండి. ఆగి, అవి వెళ్లాక కదలండి. దూడ ఒకవైపు, తల్లి ఒకవైపు ఉంటే ఆ మధ్యలోకి అసలే వద్దు. కోళ్లు ఎటు పరిగెడతాయో వాటికే తెలియదు. కుక్క వెంటపడితే చాలాసార్లు సైకిల్ ఆపి దిగేస్తే దానికి సరదా పోతుంది. సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డంగా పెట్టుకోండి.

ధాన్యం ఆరబోసి ఉంటే పక్క నుంచి పోండి. చెరువుగట్టు మీద బట్టలు ఉతుక్కునేవాళ్లను అడగకుండా ఫొటో తీయకండి.

ఫోన్‌తో వీడియో తీసుకోవచ్చా?

ఆగినప్పుడు బోలెడన్ని తీసుకోండి. దిగుతూ ఒంటిచేత్తో తీయడం మాత్రం కుదరదు. ఛాతీకి కట్టుకునే కెమెరా ఉంటే సరే. సెల్ఫీ స్టిక్ చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

గుంపులో వెనకబడిపోతే?

ముందొక గైడ్, అందరికంటే చివర ఇంకొక గైడ్, ఆ వెనక వ్యాన్. మీ వెనక ఎప్పుడూ మనిషి ఉంటాడు. వాళ్లను అందుకోవాలని తొందరపడకండి, పడేది ఎక్కువగా అప్పుడే. ముందువాళ్లకూ మీకూ మధ్య నాలుగైదు సైకిళ్ల ఎడం ఉంచండి. దారి చీలే ప్రతిచోటా గైడ్ ఆగి లెక్క చూసుకుంటాడు.

మధ్యలో చాలనిపిస్తే వ్యాన్ ఎక్కేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పంక్చర్ అయితే?

గైడ్ చూసుకుంటాడు, మీరు నీడలో కూర్చోండి. ట్యూబు తీసి చూస్తే ఒక్కోసారి పక్కపక్కన రెండు చిల్లులు కనిపిస్తాయి, పాము కాటులా. ముల్లు గుచ్చుకున్నది కాదది, గాలి తక్కువై, రాయి దెబ్బకు ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగినది.

ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకుంటే సులువా?

ఎక్కే ముక్కల్లో హాయి. దిగుడులో మోటారు చేసేదేమీ ఉండదు, బరువు మాత్రం మామూలు సైకిల్ కంటే చాలా ఎక్కువ, 20 కిలోలు దాటుతుంది. ఆ బరువంతా బ్రేకులే ఆపాలి. దిగుతుంటే బ్యాటరీ చార్జ్ అవుతుందా అని అడుగుతుంటారు. చాలావాటిలో అవదు.

ప్రపంచంలో పేరున్న దిగుడు దారులేవి?

బొలీవియాలో లా పాజ్ దగ్గరి యుంగాస్ రోడ్డు అందరికీ తెలిసినది, 'డెత్ రోడ్' అంటారు. సుమారు 4,650 మీటర్ల ఎత్తున మొదలై 60 కిలోమీటర్లకు పైగా సాగి, 1,200 మీటర్ల దగ్గర తేలుతుంది. పైన మంచు గాలి, కింద ఉక్కపోత అడవి. బస్సులు, లారీలకు వేరే రోడ్డు వచ్చాక పాతది ఎక్కువగా సైకిళ్లకు మిగిలింది.

హవాయిలో హలెయాకలా అగ్నిపర్వతం శిఖరం 3,055 మీటర్లు. ఒకప్పుడు పైనుంచే గుంపులను దించేవాళ్లు. ప్రమాదాల తర్వాత 2007లో జాతీయ పార్కు లోపల వ్యాపార టూర్లను ఆపేశారు. ఇప్పుడవి పార్కు గేటు బయట నుంచి మొదలవుతాయి. మంచి తారు రోడ్డే, అయినా అలా జరిగింది.

నిర్వాహకులను ఏమడగాలి?

ఎంతమందికి ఒక గైడ్ అని అడగండి. గైడ్‌కు ప్రథమ చికిత్స వచ్చా, ఫోన్ సిగ్నల్ లేనిచోట ఏం చేస్తారు, దగ్గరి ఆస్పత్రి ఎంత దూరం అని అడగండి. ప్యాడ్లు ఎప్పుడు మార్చారని అడిగితే ఠక్కున చెప్పగలిగినవాళ్లను నమ్మొచ్చు. నవ్వి దాటవేస్తే ఇంకొకరిని చూసుకోండి.

సంతకం పెట్టమని ఇచ్చే కాగితం చదవండి. ప్రయాణ బీమా ఉంటే అందులో కొండల్లో సైకిల్ తొక్కడం కవర్ అవుతుందో లేదో ముందే కంపెనీని అడగండి. చాలా పాలసీల్లో ఇది మినహాయింపుల్లోనే ఉంటుంది.

కింద చేరాక?

సైకిల్ గోడకు ఆనించి, నీళ్లు తాగి, హెల్మెట్ తీసి గాలి పీల్చుకోండి. "ఎంత వేడెక్కిందో చూద్దాం" అని డిస్కు మీద వేలు మాత్రం పెట్టకండి. గుంపుకొకరు పెడతారు. బర్న్ క్రీమ్ వ్యాన్‌లో ముందు సీటు కింద డబ్బాలో ఉంటుంది.